ఎవరి సామాను వాళ్ళు దించుకోండి

మా చెక్కిల్లు పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. అందులో మనిషి నిలబడడానికి మిగిలింది మాత్రం తలుపు దగ్గర చాపంత చోటు. మిగతాదంతా మా ఆయన పనిముట్లే.

ఆయన బస్సు డిపోలో ఫిట్టరు. నేను అదే డిపోలో కండక్టరు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను మనుషుల్ని ఎక్కించి దించాను, ఆయన పడిపోయిన బస్సుల్ని లేపి నిలబెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా ఊరి చివర కొనుక్కున్న చిన్న ముక్కలో ఈ చెక్కిల్లు మా చేతుల్తో మేమే కట్టుకుంటూ వచ్చాం. చెక్క గోడలు లేచాయి, పైన రేకు పడింది, కిటికీ ఒకటి వచ్చింది. నేల మాత్రం మట్టే. "వచ్చే ఏడు చెక్క పరుద్దామే" అనేవాడు. చెక్క పరచడానికి ఓ పనిముట్టు కావాలి, తెచ్చేవాడు. దాన్ని పెట్టుకోడానికి ఓ అర కావాలి, కొట్టేవాడు. అర కొట్టడానికి మళ్ళీ ఇంకో పనిముట్టు. గోచీగుడ్డ ఎలుక కొట్టకుండా పిల్లిని తెచ్చుకుని, పిల్లికి పాలకని ఆవుని తెచ్చుకున్న సన్యాసి సంసారం అయింది మాది. సన్యాసికి కనీసం పాలైనా దొరికాయి. మాకు నేల కూడా దొరకలేదు.

పోయిన చలికాలం ఆయనకి కుడి పక్క పడిపోయింది. చెయ్యీ, కాలూ, మాటా. మాటల్లో ఒక్కటి మాత్రం అడుగున మిగిలింది. "సరే." నీళ్ళు కావాలా అంటే సరే. వద్దా అన్నా సరే. ఒకసారి కోపం వచ్చి, "నన్ను కట్టుకోవడం నీ ఖర్మ కదూ?" అన్నాను. సరే అన్నాడు. డాక్టరు చెప్పాడు, అది జవాబు కాదమ్మా, మాడిన గిన్నెకి అంటుకుపోయిన అడుగు లాంటిది, గోకినా అదే వస్తుంది, దాన్ని బట్టి ఏదీ నిర్ణయించకు అని. బంధువులందరికీ ఈ సంగతి నేనే చెప్పాను. అందరూ అయ్యో అన్నారు.

అప్పుడు మేము అద్దెకుంటున్నది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయన్ని కిందికి దించాలంటే ఒక కుర్చీ, ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక నా బతిమాలడం. ఎన్నిసార్లని బతిమాలతాం? అయిదు నెలల్లో నాలుగుసార్లు రోడ్డు తొక్కాడు, నాలుగుసార్లూ ఆసుపత్రికే. మిగతా రోజులు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేవాడు. బస్సు వెళ్తుంటే ఎడమ కాలు క్లచ్చి తొక్కినట్టు కదిలేది. అది చూసి అనుకున్నాను, ఈ మనిషిని నేల మీదికి దించాలి. తలుపు తీస్తే రోడ్డుండాలి. ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా తనంతట తను బయటికి వెళ్ళి రావాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. చెక్కింట్లో నేల పరిచి, గుమ్మం ముందు చక్రాల కుర్చీకి వాలు కట్టి, వానలు పడేలోగా మకాం మార్చెయ్యాలి.

వడ్రంగిని తీసుకెళ్ళి చూపించాను. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది ఇల్లా తల్లీ, ఇనప కొట్టా? ముందు ఖాళీ చేసి పిలవండి."

ఖాళీ చేయిస్తే వస్తాడన్న నమ్మకమూ కలగలేదు. నేనే పరుస్తాననుకున్నాను. ముప్పై ఏళ్ళు సెలవు రోజుల్లో ఆయన చెయ్యి చాచగానే ఏ పనిముట్టు కావాలో అడక్కుండా అందించినదాన్ని. మేకు కొట్టడం రాదా?

ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. "చెక్కింట్లో సామానంతా తీసేయించనా?"

"సరే."

అడిగినదాన్నీ నేనే, ఆ మాటకి అర్థం లేదని ఊరంతా చెప్పినదాన్నీ నేనే. అయినా ఆ పూట అది నాకు జవాబులాగే వినిపించింది. అవసరం అటువంటిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకి చుట్టాల్లో ఒక పేరుంది. పట్టుకెళ్ళింది తిరిగివ్వడని. "ఫిట్టరు చేతికి సుత్తివ్వడమూ, ఏట్లో రాయెయ్యడమూ ఒకటే" అని మా బావగారు, అంటే ఆయన అన్నగారు, ఏ నలుగురు చేరినా అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మా ఆయనా నవ్వేవాడు. నవ్వాడు కదా అని నేనూ నమ్మాను. చెక్కింట్లో సగం సామాను పరాయివాళ్ళదే అనుకున్నాను. పోయేటప్పుడు ఎవరి బరువూ మన మీద ఉండకూడదని మా అమ్మ అనేది. అందుకని ఫోన్లు చేశాను. ఆఖరి స్టాపులో అరిచే అలవాటు నోటికి పట్టేసింది కదా, అదే మాట వచ్చింది. "ఆదివారం పొద్దున రండి. ఎవరి సామాను వాళ్ళు దించుకోండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అన్నాక ఒక్కసారైనా మనిషి తన సంచీయే దించుకున్నాడా, పక్కవాడిది పట్టుకుపోయాడా అని నేను నిలబడి చూసింది లేదు. డ్యూటీ అయిపోయేది, దిగిపోయేదాన్ని.

ఆదివారం డిపో క్లీనర్లు ఇద్దరు ఆయన్ని మోసుకొచ్చి, చూరు కింద చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళారు. నేను ముందు రోజే సామానంతా బయట టార్పాలిన్ మీద పరిచాను. పానాలు ఒక వరస, పట్టకార్లు ఒక వరస, రంపాలు, ఉలులు, చిత్రికలు, పదకొండు సుత్తులు. సుత్తులు పదకొండెందుకంటే నన్నడక్కండి. ఆయనకి మాట ఉన్న రోజుల్లో అడిగితే, "ఒక్కోటి ఒక్కోలా కొడుతుందే" అన్నాడు.

బావగారు సర్వే ఆఫీసులో గుమాస్తా చేసి దిగిపోయాడు. చేతికి మసి అంటితే సబ్బు సగం అయ్యేదాకా కడుక్కునే మనిషి. అలాంటివాడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. అప్పుడే నాకు తెలియాల్సింది. వెనకాల మా తోడికోడలు, అక్కయ్య, గోనె సంచులు మడతపెట్టి చంకలో పెట్టుకుని దిగింది.

"ఏమ్మా కండక్టరమ్మా, మొత్తానికి లోడు దించుతున్నావన్నమాట," అన్నాడు బావగారు. టార్పాలిన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి గొడ్డలి దగ్గర ఆగాడు. "ఇది నాన్నది. నాన్నదంటే ఉమ్మడిది. ఉమ్మడిదంటే పెద్దవాడి దగ్గరుండాలి."

"తీసుకోండి బావగారూ."

"ఈ రంపం నేనిచ్చిందే. ఒరేయ్ తమ్ముడూ, నేనిచ్చిందే కదరా?"

"సరే," అన్నాడు మా ఆయన.

"చూశావా, వాడే ఒప్పుకుంటున్నాడు."

"మాట పోయినా న్యాయం పోలేదు మా మరిదికి," అంది అక్కయ్య, సంచీ మూతి విప్పుతూ.

ఇంతలో మా తమ్ముడు వచ్చాడు. గోడలకి రంగులు వేయించే కాంట్రాక్టరు. మోటారు సైకిలు ఆపకుండానే డ్రిల్లు మిషను మీద కన్నేశాడు.

"అక్కా, ఇది నాది. బావ ఎప్పుడో పట్టుకెళ్ళాడు. అడిగితే బాగోదని ఊరుకున్నాను."

"ఎన్నేళ్ళు ఊరుకున్నావురా?"

"పదేళ్ళుంటాయి. చూడు ఎంత ఓపికో నాకు. బావా, నాదే కదూ?"

"సరే."

"బంగారం మా బావ," అని డ్రిల్లు సంచీలో పెట్టుకున్నాడు. పక్కనున్న బిట్ల డబ్బా కూడా పెట్టుకున్నాడు. అదెవరిదని అడగనే లేదు.

బావగారు సుత్తుల దగ్గరికొచ్చాడు. "ఇవిలా అందియ్యమ్మా," అన్నాడు, నడుం వంచడం ఇష్టం లేక. నేను ఒక్కోటే అందించడం మొదలుపెట్టాను. రెండోది అందిస్తుంటే చేతికి ఏదో తెలిసింది. మూడోది పట్టుకున్నాను. నాలుగోది. పిడులన్నీ ఒక్కటే. మధ్యలో కాస్త సన్నం, చివర కాస్త లావు, తల దగ్గర నల్ల చీలిక దిగ్గొట్టి బిగించి ఉంది. గొడ్డలి పిడీ అంతే. రంపం పిడీ ఆ చెక్కే. ఆ చెక్క నాకు తెలుసు. పాత బస్సుల సీట్ల పలకలు. తుక్కుకి వెళ్ళే బస్సుల్లోంచి మేనేజరుని అడిగి తెచ్చుకునేవాడు. వేలమంది కూర్చుని నున్నగా చేసిన చెక్క, కొత్తగా చిత్రిక పట్టక్కర్లేదే అనేవాడు.

అప్పుడు ఒక్కోటీ గుర్తు రావడం మొదలైంది. ఆ గొడ్డలి నాన్నగారిదే, నిజమే. పిడి ఊడి, తుప్పు పట్టి, అక్కయ్య వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్న ఇనప ముక్క అది. "పారేద్దామంటే బరువు, నువ్వు పట్టుకుపో మరిదీ" అని తనే ఇచ్చింది. రంపానికి సగం పళ్ళు లేవు. నెల్లాళ్ళు ఆకురాయి పెట్టి ఒక్కో పన్నూ కొత్తగా దిద్దాడు. డ్రిల్లు మా తమ్ముడి దగ్గర్నించి వచ్చిన రోజు దాని కాలిన కంపు మూడు గదులూ పట్టింది. మోటారు విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టాడు. తీగ జారకుండా పట్టుకుని చుట్లు లెక్కపెట్టింది నేనే. తప్పితే మొదటి నుంచీ మళ్ళీ లెక్కపెట్టించాడు.

చుట్టాలు పారేసినవి తెచ్చి బతికించాడు మనిషి. పట్టుకెళ్ళింది తిరిగివ్వడని వాళ్ళు నవ్వుతుంటే, పాడైందేగా మీరిచ్చింది అనకుండా తనూ నవ్వాడు.

నేను ఆయన వైపు చూశాను. కుర్చీ చూరు కింద లేదు. ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ కాలితో నేలని వెనక్కి తన్నుతూ, ట్రాలీ వైపు వస్తున్నాడు. రెండు గజాలు వచ్చాక ముందు చక్రం మెత్తటి మట్టిలో దిగిపోయింది. "సరే, సరే, సరే," అంటున్నాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"పాపం, సాగనంపడానికి వస్తున్నాడు," అంది అక్కయ్య.

చెప్పాల్సింది అప్పుడే. టికెట్టు లేకపోతే మంత్రిగారి బావమరిదినైనా నడిరోడ్డు మీద దించేసిన నోరు నాది. ఒకసారి పోలీసునే దించాను. కానీ బావగారి ముందు ఆ నోటికి తాళం. పెళ్ళైన దగ్గర్నించీ ఆయన ముందు గొంతెత్తింది లేదు. పిలిచింది నేను. తీసుకోండి అన్నది నేను. ఇచ్చిన చేత్తో ఎలా లాక్కుంటాం అని మొహమాటం. ఆ మొహమాటానికి పెద్దరికం అని పేరు పెట్టుకుని నోరు మూసుకున్నాను. ఆఖరికి ఒక్క మాట అన్నాను, అదీ నీళ్ళు నమిలినట్టు.

"బావగారూ, ఒక్క సుత్తి ఉంచుతారా? నేల పరిచాక పంపిస్తాను."

"ఇన్నాళ్ళూ వాడుకున్నారు కదమ్మా. మాకూ పనులుంటాయి. హాల్లో పటానికి మేకు కొట్టాలని మీ అక్కయ్య ఆర్నెల్లుగా పోరుతోంది."

ఒక మేకుకి పదకొండు సుత్తులు ట్రాలీ ఎక్కాయి. వాటి వెనకే మిగతా పనిముట్లన్నీ.

వాళ్ళు వెళ్ళాక కుర్చీ చక్రం మట్టిలోంచి పైకి లాగాను. చెక్కిల్లు ఖాళీగా, విశాలంగా, నేను కోరుకున్నట్టే ఉంది. "చూశావా, ఎంత చోటొచ్చిందో," అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏం అడిగినా ఏమీ అనలేదు. నీళ్ళు కావాలా అంటే గ్లాసు వైపు చూసేవాడు, లేకపోతే గోడ వైపు. ఉన్న ఒక్క మాటా ఆ ఆదివారం అక్కడే వదిలేశాడు.

బజార్లో ఒక సుత్తి, ఒక చేతి రంపం, ఒక రసమట్టం కొనుక్కున్నాను. మూడు వారాలు పట్టింది. ముందు మట్టి దిమ్మిస కొట్టి, ఇటుకలు పేర్చి, వాటి మీద దూలాలు వేసి, మట్టం చూసి, పైన చెక్క. మొదటి వరసలో మేకులు సగం వంగిపోయాయి. కొత్త సుత్తి పిడి అరచేతిని కొరికేసింది. డిపో క్లీనర్లకి దయ పుట్టిన రోజుల్లో ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. దూలం ఒరిగినా, చెక్క చీలినా ఆయన ఇటు తిరగలేదు. ముఖం రోడ్డు వైపు, వీపు నా వైపు. గుమ్మం అడుగు ఎత్తు వచ్చింది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు ఉండాలిట, అంతకన్నా నిటారుగా ఉంటే ఒంటి చేత్తో ఎక్కలేడు. పన్నెండడుగులూ కట్టాను. చక్రం జారకుండా అడ్డంగా సన్నటి చెక్క బద్దలు కొట్టాను.

ఆ మధ్యలోనే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆ డ్రిల్లు మళ్ళీ కాలిపోయింది. బావకి బాగుంటేనా, సాయంత్రానికి చేసిచ్చేవాడు."

"బాగుంటే చేసిచ్చేవాడురా," అని పెట్టేశాను.

తొలివాన ఇంకా పడకముందే మకాం మారాం. మర్నాడు పొద్దున తలుపు బార్లా తీసి, లోపల ఏదో పనున్నట్టు నిలబడ్డాను. కుర్చీ కిర్రుమంది. తలుపు సందులోంచి చూశాను. ఎడమ చెయ్యి చక్రం మీద, ఎడమ కాలు నేల మీద. వాలు దిగాడు. రోడ్డు ఎక్కాడు. ఒక్కడే. ఎవరూ పట్టుకోలేదు, ఎవరినీ బతిమాలలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మూలమీదున్న టీ కొట్టుకే వెళ్తున్నాడనుకున్నాను.

గంట తర్వాత అక్కయ్య ఫోన్ చేసింది. "చెల్లీ, మరిది మా గేటు ముందున్నాడు. ఒక్కడే వచ్చాడు. రెండు వీధులు ఎలా దాటాడో ఏమో. అన్నగారంటే ఎంత ప్రేమో చూడు."

నేను వెళ్ళేసరికి ఆయన పక్కన పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. తాగలేదు. ఎడమ అరచెయ్యి తెరిచి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని, గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. బావగారు వరండాలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడం లేదు.

రెండో రోజూ వెళ్ళాడు. మూడో రోజు టీ రాలేదు. నాలుగో రోజు గేటు వేసేశారు. వేసిన గేటు ముందే కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఈయనకేం కావాలి?" అని అడగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం నేను వెళ్ళి తోసుకొచ్చేదాన్ని. పొద్దున్నే మళ్ళీ బయల్దేరేవాడు.

వారం తిరిగేసరికి బావగారు మా చెక్కింటికి వచ్చాడు. అప్పుడే మా ఆయన అటు వెళ్ళాడు. దారిలో ఎదురుపడే ఉంటారు. బావగారు కొత్త నేల మీద చెప్పులతోనే నిలబడ్డాడు.

"ఏమ్మా, వాణ్ణి అదుపులో పెట్టుకోవా? నలుగురూ చూస్తున్నారు. నేనేదో వాడి ఆస్తి మింగినట్టు."

"ఆ పనిముట్లు ఇచ్చెయ్యండి బావగారూ," అన్నాను. ఇన్నాళ్ళకి వచ్చింది ఆ మాట. అన్నాక చూస్తే అదంత బరువైంది కూడా కాదు.

"ఇంకెక్కడి పనిముట్లు? ఇంట్లో చోటు లేదని మీ అక్కయ్య గోల పెడితే ఆ వారమే పాత ఇనప కొట్టుకి వేసేశాను."

"గొడ్డలి? మామయ్యగారిది?"

"అదీ అందులోనే పోయింది." కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "వాడికి చెప్పు. లేవని చెప్పు."

"చెప్తాను. విన్నాకైనా వస్తే రానివ్వండి."

"ఎందుకు రానివ్వాలి? బుర్ర పనిచెయ్యని మనిషిని రోడ్డు మీద వదిలేస్తావా? ఆ వాలుకి అడ్డంగా ఓ కర్ర కొట్టించు. లోపలే ఉంటాడు, క్షేమంగా ఉంటాడు."

"ఆయన బయటికి వెళ్ళాలనే బావగారూ, నేను ఈ నేల పరిచింది."

"నువ్వు కొట్టకపోతే నేనొచ్చి కొడతాను."

"దేంతో కొడతారు?"

ఆయన వాలు దిగి వెళ్ళిపోయాడు.

మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. ఇనప కొట్టు సంగతి, గొడ్డలి సంగతి, అన్నీ. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి చూస్తూ చెప్పాను. ఆ రోజు పిడులు చేతికి తెలిసీ నోరెత్తలేదని కూడా చెప్పాను. విన్నాడు. అర్థమైందని ఆయన కళ్ళే చెప్పాయి. పొద్దున లేచి, మళ్ళీ వెళ్ళాడు.

ఆ రోజే వాన దిగింది. గొడుగు తీసుకుని పరుగెత్తాను. వేసిన గేటు ముందు, అదే చోట, తడుస్తూ ఉన్నాడు. తెరిచిన అరచేతిలో నీళ్ళు నిలిచాయి. లోపల కిటికీ కర్టెను కదిలింది. ఇంటికి పోదామని అడగలేదు నేను. పక్కన నిలబడి గొడుగు ఆయన మీదికి పట్టాను.

ఎడమ కాలితో నేలని తన్ని, కుర్చీని జానెడు పక్కకి, వానలోకి జరుపుకున్నాడు. నేనూ జరిగాను. ఆయన మళ్ళీ జరుపుకున్నాడు.